ఊరు దాటిన జట్టు

వేల్స్ దేశపు తూర్పు అంచున, పోవిస్ కౌంటీలో, వర్నూయి నది ఒడ్డున లాన్‌సాంట్‌ఫ్రైడ్ అనే పల్లె ఉంది. జనాభా వెయ్యి పైచిలుకు. చుట్టూ పచ్చిక బీళ్లు, పొలాలు. తూర్పుగా కొద్ది మైళ్లు పోతే ఇంగ్లాండ్ వచ్చేస్తుంది. 1959లో ఈ ఊళ్లో మొదలైన ఫుట్‌బాల్ జట్టు ఇవాళ వేల్స్ జాతీయ లీగ్‌ను అత్యధిక సార్లు గెలిచిన క్లబ్. 2025 నాటికి 17 సార్లు ఛాంపియన్ అయింది. లివర్‌పూల్, మాంచెస్టర్ సిటీ, ఆండర్‌లెక్ట్, ఫియొరెంటీనా వంటి జట్లతో యూరప్ పోటీల్లో తలపడింది.

అయితే ఆ క్లబ్‌ను జనం పిలిచే పేరులో ఇప్పుడు ఆ ఊరు లేదు. దాని మైదానం ఊళ్లోనూ లేదు, అసలు వేల్స్‌లోనే లేదు. ‘ది న్యూ సెయింట్స్’ అనే పేరుతో, ఇంగ్లాండ్‌లోని ఆస్వెస్ట్రీ పట్టణంలో సొంత మ్యాచ్‌లు ఆడుతూ, వేల్స్ ఛాంపియన్‌గా యూరప్‌కు వెళ్తోంది. పల్లె జట్టు ఇంత దూరం రావడానికి ప్రతిభ ఒక్కటే కారణం కాదు. ఒక జాతీయ లీగ్ పుట్టుక, ఒక కప్పు నిబంధనలో వచ్చిన మార్పు, ఒక కంప్యూటర్ కంపెనీ డబ్బు, దేశాల నడుమ గీత సరిగా పడని ఒక సరిహద్దు ప్రాంతం, ఈ నాలుగూ కలిసి దాని దారిని మలిచాయి. ఒక్కో మెట్టు ఎక్కినప్పుడల్లా ఊరి నుంచి మరింత దూరం జరగడమే ఈ క్లబ్ చరిత్రలో ప్రత్యేకత.

సరిహద్దు సీమ

వేల్స్, ఇంగ్లాండ్ ఒకే రాజ్యంలో భాగాలు కాబట్టి వాటి మధ్య తనిఖీలు, గేట్లు ఏమీ ఉండవు. లాన్‌సాంట్‌ఫ్రైడ్ నుంచి ఆస్వెస్ట్రీ సుమారు 14 కిలోమీటర్లు. మధ్యలో లానమనెక్ అనే ఊరు వస్తుంది. రెండు దేశాల సరిహద్దు ఆ ఊరి నడివీధి గుండా పోతుంది. వీధికి ఒక పక్క ఇళ్లు వేల్స్‌లో, మరో పక్క ఇళ్లు ఇంగ్లాండ్‌లో. వేల్స్‌లో ఆదివారం మద్యం అమ్మకూడదని 1881లో చట్టం వచ్చింది. ఇక్కడి ఒక సత్రంలో రెండు వైపులా బార్లు ఉండేవి. ఆదివారం వేల్స్ వైపు గది మూసేసి, ఇంగ్లాండ్ వైపు గదిలో అమ్ముకునేవారు. ఊరి పైన కొండమీది గోల్ఫ్ కోర్సులో 18 గుంతలుంటే 15 వేల్స్‌లో, 3 ఇంగ్లాండ్‌లో ఉంటాయి.

ఇలాంటి చోట ఫుట్‌బాల్ కూడా గీతను పట్టించుకోలేదు. 1876లో వేల్స్ ఫుట్‌బాల్ సంఘం ఏర్పడింది. ప్రపంచంలోని జాతీయ ఫుట్‌బాల్ సంఘాల్లో ఇంగ్లాండ్, స్కాట్లాండ్ తర్వాత అదే పాతది. అది పుట్టింది కూడా దేశపు ఈశాన్య మూలన, సరిహద్దుకు దగ్గరగా ఉన్న రెక్సమ్ పట్టణంలోనే. 1877-78లో వెల్ష్ కప్పు మొదలైంది. మొదటి ఫైనల్‌లో రెక్సమ్ జట్టు డ్రూయిడ్స్ జట్టును 1-0 తేడాతో ఓడించింది. సరిహద్దు అవతలి ఇంగ్లాండ్ జట్లు కూడా ఈ కప్పులో దశాబ్దాల పాటు ఆడాయి. ష్రూస్‌బరీ టౌన్ దాన్ని 6 సార్లు గెలిచింది. ఆస్వెస్ట్రీ జట్లు 1884లో, 1901లో, 1907లో గెలిచాయి. అంటే ఆస్వెస్ట్రీ ఇంగ్లాండ్ పటంలో ఉన్నా, మొదటి నుంచీ వేల్స్ ఫుట్‌బాల్‌తో ముడిపడిన ఊరే. తర్వాతి కథకు ఇది ముఖ్యం.

పల్లె మైదానం

లాన్‌సాంట్‌ఫ్రైడ్ క్లబ్ 1959లో మొదలయ్యేనాటికి ఊరికి ఇంకా రైలు ఉండేది. లాన్‌ఫిలిన్ శాఖా మార్గం అది. 1965లో దాన్ని మూసేశారు. జట్టు మాంట్‌గమరీషైర్ ప్రాంతపు అమెచ్యూర్ లీగ్‌లో ఆడేది. శనివారం ఆట, మిగతా రోజుల్లో ఎవరి పని వారిది. పోటీపడేది చుట్టుపక్కల ఊళ్లతోనే. ఊరి పేరులోనే ఒక సెయింట్ పేరు కలిసి ఉండటంతో జట్టును ‘సెయింట్స్’ అని పిలిచేవారు. తర్వాత పేర్లు ఎన్ని మారినా ఈ ఒక్క పిలుపు నిలిచింది.

సుమారు ముప్పై ఏళ్లు ఇలా గడిచాయి. 1990 దశకంలో క్లబ్ వరసగా మెట్లెక్కింది. మధ్య, ఉత్తర వేల్స్ జట్లు ఆడే సిమ్రు అలయన్స్ అనే లీగ్‌ను 1992-93లో గెలిచింది. ఆ గెలుపుతో దేశంలోని అత్యున్నత శ్రేణికి అర్హత దొరికింది. ఆ శ్రేణి పుట్టి అప్పటికి ఒక్క ఏడాదే అయింది. అది ఆ సమయానికి ఉండకపోతే పల్లె జట్టు ఎదుగుదల బహుశా అక్కడితో ఆగేది.

జాతీయ లీగ్ ఎందుకు పుట్టింది?

బ్రిటన్ ఒకే రాజ్యమైనా ఫుట్‌బాల్‌లో దానికి నాలుగు జాతీయ జట్లున్నాయి: ఇంగ్లాండ్, స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్. ఆట మొదట అక్కడే వ్యవస్థీకృతం కావడంతో ఈ నాలుగు సంఘాలకూ ఫిఫాలో విడివిడి సభ్యత్వం ఉంది. ఆట నియమాలు నిర్ణయించే అంతర్జాతీయ మండలిలోనూ ఒక్కో సంఘానికి ఒక్కో ఓటు ఉంది. ఒకే రాజ్యానికి నాలుగు జట్లెందుకని మిగతా దేశాలు అప్పుడప్పుడూ అడుగుతూనే ఉంటాయి.

ఈ నాలుగింటిలో వేల్స్ పరిస్థితి ప్రత్యేకం. 1992 వరకు దానికి జాతీయ జట్టు, కప్పు ఉన్నా జాతీయ లీగ్ ఉండేది కాదు. కార్డిఫ్, స్వాన్సీ, రెక్సమ్ వంటి పెద్ద క్లబ్బులు ఎప్పటినుంచో ఇంగ్లాండ్ లీగ్‌లో ఆడుతున్నాయి. సొంత లీగ్ కూడా లేని దేశానికి వేరే జట్టు ఎందుకనే మాట బలపడితే వేల్స్ జాతీయ జట్టు ఉనికికే ముప్పు. సంఘం కార్యదర్శి ఆలన్ ఎవాన్స్ చొరవతో 1992లో 20 జట్లతో ‘లీగ్ ఆఫ్ వేల్స్’ మొదలైంది. మొదటి ఛాంపియన్ కుమ్‌బ్రాన్ టౌన్.

ఇది అందరికీ నచ్చలేదు. పెద్ద క్లబ్బులను ఇంగ్లాండ్‌లోనే ఆడనిచ్చారు. ఇంగ్లాండ్ దిగువ శ్రేణుల్లో ఆడుతున్న 8 చిన్న క్లబ్బులను మాత్రం స్వదేశీ లీగ్‌లోకి రమ్మన్నారు. వాటిలో న్యూపోర్ట్, కెర్నార్వన్, కాల్విన్ బే క్లబ్బులు ఒప్పుకోలేదు. సొంత ఊళ్లో ఆడుకోనివ్వకపోవడంతో కొంతకాలం ఇంగ్లాండ్ మైదానాల్లో ‘ప్రవాసం’ గడిపాయి. చివరికి కోర్టుకెళ్లి, 1995లో సొంత మైదానాలకు తిరిగివచ్చే హక్కు సంపాదించుకున్నాయి.

ఈ గొడవలో చిన్న ఊళ్లకు ఒక మేలు జరిగింది. పెద్ద జట్లు ఇంగ్లాండ్‌లోనే ఉండిపోవడం, కొన్ని మధ్యతరహా జట్లు రాకపోవడంతో కొత్త లీగ్‌లో చోటు మిగిలింది. లీగ్ గెలిచిన జట్టుకు యూరప్ పోటీల్లో ప్రవేశమూ దొరికింది. దేశం ఎంత చిన్నదైనా దాని ఛాంపియన్‌కు ప్రాథమిక రౌండ్లలో చోటివ్వడం యూరప్ ఫుట్‌బాల్ సంఘం యుయెఫా పద్ధతి. వెయ్యి మంది ఉన్న ఊరి జట్టు కూడా ఒక దేశానికి ప్రతినిధిగా యూరప్‌లో ఆడే వీలు అలా కలిగింది.

1996: కప్పు ఊరికొచ్చిన ఏడాది

1993లో లాన్‌సాంట్‌ఫ్రైడ్ పై శ్రేణిలో అడుగుపెట్టింది. 1995లో లీగ్ కప్పు గెలిచింది. అదే ఏడాది వెల్ష్ కప్పు నిబంధన మారింది. ఇంగ్లాండ్ లీగ్ వ్యవస్థలో ఆడే జట్లకు ఇకపై ఆ కప్పులో చోటు లేదన్నారు. దాంతో దశాబ్దాలుగా కప్పును తమలో తాము పంచుకున్న రెక్సమ్, కార్డిఫ్, స్వాన్సీ ఒక్కసారిగా పక్కకు తప్పుకున్నాయి. ఒకప్పుడు ఈ కప్పు దారిలోనే యూరప్‌కు వెళ్లి, బాంగర్ సిటీ 1962లో నాపోలిని, రెక్సమ్ 1984లో పోర్టోను సొంతగడ్డ మీద ఓడించిన చరిత్ర ఉంది. ఇప్పుడు ఆ దారి లీగ్ ఆఫ్ వేల్స్ జట్లకూ, అంతకన్నా చిన్న జట్లకూ తెరుచుకుంది.

1996 మే నెలలో కార్డిఫ్‌లోని జాతీయ స్టేడియంలో జరిగిన ఫైనల్‌కు లాన్‌సాంట్‌ఫ్రైడ్ చేరింది. ఎదుట ఉన్నది ఆ ఏడాది లీగ్ ఛాంపియన్ బారీ టౌన్. దక్షిణ తీరపు రేవు పట్టణానిది ఆ జట్టు, ఆ కాలంలో వేల్స్‌లో అన్నిటికన్నా బలమైనది. ఆట 3-3తో ముగిసింది. పెనాల్టీ కిక్కుల్లో లాన్‌సాంట్‌ఫ్రైడ్ 3-2తో గెలిచింది. జాతీయ కప్పు పల్లెకు వచ్చింది, దాంతోపాటు యూరప్ కప్ విన్నర్స్ కప్‌లో ఆడే అర్హత వచ్చింది.

ఆగస్టులో పోలండ్ జట్టు రూఖ్ హోజూఫ్ ప్రత్యర్థిగా వచ్చింది. తొలి మ్యాచ్ 1-1తో సమమైంది. పోలండ్‌లో జరిగిన రెండో మ్యాచ్‌లో 5-0తో ఓటమి. తర్వాతి పదిహేనేళ్ల యూరప్ అనుభవం చాలావరకు ఇలాగే సాగింది.

కంపెనీ పేరే క్లబ్ పేరు

కప్పు గెలిచిన ఏడాదే ఆస్వెస్ట్రీకి చెందిన టోటల్ నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే కంప్యూటర్ నెట్‌వర్కింగ్ కంపెనీ క్లబ్‌కు స్పాన్సర్‌గా వచ్చింది. దాని అధిపతి మైక్ హారిస్. ఒప్పందం విలువ 2.5 లక్షల పౌండ్లు. అంత చిన్న క్లబ్‌కు అది ఊహకందని మొత్తం. అందుకు ప్రతిఫలంగా క్లబ్ పేరు టోటల్ నెట్‌వర్క్ సొల్యూషన్స్ లాన్‌సాంట్‌ఫ్రైడ్‌గా మారింది. మరుసటి ఏడాది 1997లో పేరులోంచి ఊరు పూర్తిగా తొలగింది. మిగిలింది కంపెనీ పేరు మాత్రమే. బ్రిటన్‌లో ఒక ఫుట్‌బాల్ క్లబ్ పూర్తిగా స్పాన్సర్ పేరుకు మారడం అదే మొదటిసారి.

ఫుట్‌బాల్‌లో చొక్కామీద, స్టేడియం మీద కంపెనీ పేరు రాసుకోవడం మామూలే. క్లబ్ పేరు ఊరిదో పేటదో అయి ఉండాలన్నది మాత్రం బ్రిటన్‌లో రాయని కట్టుబాటు. ఆ కట్టుబాటు తప్పినందుకు జట్టు నవ్వులపాలైంది కూడా. స్కై టెలివిజన్ శనివారం ఫలితాల కార్యక్రమంలో వ్యాఖ్యాత జెఫ్ స్టెల్లింగ్, జట్టు గెలిచినప్పుడల్లా ఇవాళ టోటల్ నెట్‌వర్క్ సొల్యూషన్స్ వీధుల్లో జనం నాట్యం చేస్తారని చమత్కరించేవాడు. పట్టణ జట్లు గెలిస్తే బ్రిటిష్ వ్యాఖ్యాతలు అలవాటుగా అనే మాట అది. ఇక్కడ ఆ పేరుతో ఊరే లేదు కాబట్టి నవ్వు పుట్టేది. వేల్స్ లీగ్ గురించి ఏమీ తెలియని ఇంగ్లాండ్ ప్రేక్షకులకు కూడా ఆ ఒక్క జోకుతో క్లబ్ పేరు నోట నానింది. ఆ లెక్కన కంపెనీ పెట్టిన డబ్బుకు ప్రచారం గిట్టుబాటైనట్టే.

డబ్బు ఫలితం మైదానంలోనూ కనిపించింది. 1999-2000లో క్లబ్ మొదటిసారి లీగ్ ఛాంపియన్ అయింది. యూరప్‌లో మాత్రం ఎస్తోనియాకు చెందిన లెవాదియా, పోలండ్‌కు చెందిన పొలోనియా వార్సా, అమికా వ్రోంకీ జట్లు వరసగా ఓడించి పంపాయి. వేల్స్‌లో ముందుండటానికీ యూరప్‌లో ఒక రౌండు దాటడానికీ మధ్య ఎంత దూరం ఉందో ఆ ఓటములు చూపాయి.

మాంచెస్టర్, లివర్‌పూల్

2003లో యుయెఫా కప్ అర్హత రౌండులో మాంచెస్టర్ సిటీ ఎదురైంది. ఆ క్లబ్ అప్పుడే కొత్త స్టేడియానికి మారింది. అక్కడ జరిగిన మొట్టమొదటి అధికారిక మ్యాచ్ ఇదే. ట్రెవర్ సింక్లెయిర్ ఆ స్టేడియంలో తొలి అధికారిక గోల్ కొట్టాడు. సిటీ 5-0తో గెలిచింది. రెండో మ్యాచ్‌ను ఊరి మైదానంలో పెట్టే వీలు లేదు. యుయెఫా ప్రమాణాలకు ఆ మైదానం సరిపోదు. అందుకని కార్డిఫ్‌లోని మిలీనియం స్టేడియంలో ఆడారు. అక్కడ 2-0తో ఓడారు.

2005లో కథ ఇంకా చిత్రంగా నడిచింది. ఆ మే నెలలో లివర్‌పూల్ ఇస్తాంబుల్‌లో ఏసీ మిలాన్‌ను ఓడించి ఛాంపియన్స్ లీగ్ గెలిచింది. ఇంగ్లాండ్ లీగ్‌లో మాత్రం అయిదో స్థానంలో నిలిచింది. నాలుగో స్థానం వరకే మరుసటి ఏటి ఛాంపియన్స్ లీగ్‌లో ప్రవేశం. యూరప్ విజేతకే యూరప్‌లో చోటు లేని పరిస్థితి. యుయెఫా ఇంకా ఏమీ తేల్చకముందే వేల్స్ నుంచి ఒక సవాలు వినిపించింది. తమతో ఒక మ్యాచ్ ఆడి గెలిస్తే తమ చోటు లివర్‌పూల్‌కు ఇచ్చేస్తామని హారిస్ బృందం ప్రకటించింది. ప్రచారానికి అన్న మాటే అయినా పత్రికలన్నీ పట్టుకున్నాయి. చివరికి యుయెఫా లివర్‌పూల్‌కు ప్రత్యేక అనుమతి ఇచ్చింది. అయితే అట్టడుగున మొదటి అర్హత రౌండు నుంచే మొదలుపెట్టాలంది. డ్రాలో లివర్‌పూల్‌కు ప్రత్యర్థిగా వచ్చింది సరిగ్గా ఈ వేల్స్ జట్టే.

జూలై 13న ఆన్‌ఫీల్డ్‌లో మొదటి మ్యాచ్ జరిగింది. రెండు నెలల కిందట యూరప్ కప్పు పైకెత్తిన స్టీవెన్ జెరార్డ్ మూడు గోల్స్ కొట్టాడు. స్కోరు 3-0. అన్ని గోల్స్ ఇచ్చినా వేల్స్ జట్టు గోల్‌కీపర్ జెరార్డ్ డొహర్టీ ఆటకు ప్రశంసలు దక్కాయి. అతను అడ్డుకోకపోతే స్కోరు ఇంకా పెరిగేది. రెక్సమ్‌లో జరిగిన రెండో మ్యాచ్‌లోనూ లివర్‌పూల్ 3-0తోనే గెలిచింది. ఆరు గోల్స్ తేడాతో ఓడినా, కెన్ మెకెన్నా శిక్షణలోని ఆ జట్టుకు అది పరువు తక్కువ కాలేదు. ఆ సీజన్‌లో యూరప్ ఛాంపియన్‌తో మొట్టమొదట తలపడిన జట్టుగా పేరు తెచ్చుకుంది.

ఆస్వెస్ట్రీ దారి

మాంచెస్టర్ సిటీతో ఆడిన 2003లోనే మరో పెద్ద మార్పు జరిగింది. 1860 నాటి మూలాలున్న ఆస్వెస్ట్రీ టౌన్ క్లబ్ అప్పుల్లో కూరుకుపోయింది. ఆ క్లబ్‌ను టోటల్ నెట్‌వర్క్ సొల్యూషన్స్‌లో విలీనం చేశారు. కంపెనీ ఆస్వెస్ట్రీదే. క్లబ్‌కు పెద్ద మైదానం కట్టాలంటే స్థలమూ, జనమూ ఉన్నది అక్కడే. వెయ్యి మంది ఊళ్లో ప్రేక్షకులను పెంచుకోవడానికి ఒక హద్దుంటుంది. యూరప్ పోటీలకు తగిన స్టేడియం కట్టినా దాన్ని నింపేవాళ్లుండరు.

ఇంతలో స్పాన్సర్ చేజారింది. 2005 చివర్లో బ్రిటిష్ టెలికామ్ ఆ కంపెనీని కొనేసింది. కంపెనీ పేరు కనుమరుగైతే క్లబ్ పేరుకు అర్థం లేదు. 2006లో పేరు హక్కులను ఈబే వేలంలో పెట్టి చూశారు. కోరుకున్న కొనుగోలుదారు దొరకలేదు. దాంతో పాత మూడక్షరాలు టీఎన్ఎస్ చెదరకుండా ‘ది న్యూ సెయింట్స్’ అని పేరు పెట్టుకున్నారు. లాన్‌సాంట్‌ఫ్రైడ్ జట్టు ముద్దుపేరు సెయింట్స్. ఆస్వెస్ట్రీ పేరు కూడా సెయింట్ ఆస్వాల్డ్‌తో ముడిపడినదే. రెండు ఊళ్లకూ సరిపోయే పేరు అది. రికార్డుల్లోని పూర్తి పేరులో ఆస్వెస్ట్రీ టౌన్, లాన్‌సాంట్‌ఫ్రైడ్ రెండూ ఉన్నాయి. స్కోర్‌బోర్డు మీద కనిపించేది మాత్రం మూడక్షరాలే.

2007లో క్లబ్ ఆస్వెస్ట్రీ శివార్లలోని పార్క్‌హాల్ మైదానానికి మారింది. రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ సైనిక శిబిరంగా ఉన్న ప్రాంతం అది. మైదానంలో పరిచింది కృత్రిమ పచ్చిక. వానలు ఎక్కువగా పడే ఆ సీమలో సహజ పచ్చిక బురదమయమై మ్యాచ్‌లు వాయిదా పడటం మామూలు. కృత్రిమ పచ్చికకు ఆ బెడద తక్కువ. ఒకే మైదానంలో మొదటి జట్టు, పిల్లల జట్లు రోజంతా ఆడుకోవచ్చు. పక్కనే వ్యాయామశాల, బౌలింగ్ ఆటల భవనం కూడా ఉన్నాయి. మ్యాచ్ లేని రోజుల్లో కూడా ఆదాయం రావాలన్నది అక్కడి ఏర్పాటు వెనుక ఆలోచన.

ఆ రోజు నుంచి వేల్స్ అత్యున్నత లీగ్‌లో ఇంగ్లాండ్ గడ్డమీద సొంత మ్యాచ్‌లు ఆడే ఏకైక జట్టు ఇదే. వేల్స్ క్లబ్బులు ఇంగ్లాండ్ లీగ్‌లో ఆడటం నూరేళ్లుగా ఉన్నదే. ఇక్కడ అది తలకిందులైంది. ఇలాంటివి బ్రిటన్ దీవుల్లో మరికొన్ని ఉన్నాయి. ఇంగ్లాండ్‌లోని బెరిక్ పట్టణపు జట్టు స్కాట్లాండ్ వ్యవస్థలో ఆడుతుంది. ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీ సిటీ ఐర్లాండ్ లీగ్‌లో ఆడుతుంది. సరిహద్దు ఊళ్లలో ఆటల సంబంధాలు పటం ప్రకారం నడవవని వీటన్నిటినీ చూస్తే తెలుస్తుంది.

వరస గెలుపులు

కొత్త మైదానం, వృత్తి ఆటగాళ్లు చేరాక వేల్స్‌లో పోటీ ఏకపక్షమైంది. లీగ్‌లోని చాలా జట్ల ఆటగాళ్లు పగలు ఉద్యోగాలు చేసుకుని సాయంత్రాలు సాధన చేస్తారు. న్యూ సెయింట్స్ చాలాకాలం పాటు పూర్తికాల వృత్తి ఆటగాళ్లున్న ఒకే ఒక్క జట్టు. రోజూ సాధన చేసే జట్టుకూ వారానికి రెండుసార్లు చేసే జట్టుకూ ఉండే తేడా పట్టికలో కనిపించింది. 2011-12 నుంచి 2018-19 వరకు వరసగా 8 సార్లు ఛాంపియన్ అయింది.

శిక్షకుడు క్రెయిగ్ హారిసన్ హయాంలో 2016-17 సీజన్ ప్రపంచం దృష్టికి వచ్చింది. అప్పట్లో అగ్రశ్రేణి క్లబ్బుల్లో అన్ని పోటీలూ కలిపి వరస గెలుపుల రికార్డు డచ్ క్లబ్ అయాక్స్‌ది. యోహాన్ క్రైఫ్ ఆడిన ఆ జట్టు 1971-72లో 26 మ్యాచ్‌లు వరసగా గెలిచింది. 2016 డిసెంబర్ 30న న్యూ సెయింట్స్ 2-0తో గెలిచి ఆ సంఖ్యను 27కు చేర్చింది. ఆ రోజు ఓడిన జట్టు కెవ్న్ డ్రూయిడ్స్. 1878లో మొట్టమొదటి వెల్ష్ కప్పు ఫైనల్ ఆడిన డ్రూయిడ్స్ వారసత్వం చెప్పుకునే క్లబ్ అది. రెండు వారాల తర్వాత న్యూటౌన్‌తో 3-3తో మ్యాచ్ సమం కావడంతో వరస తెగింది. రెండు రికార్డులూ ఒక స్థాయివి కావు. అయాక్స్ ఆ ఏడాది యూరప్ కప్పు గెలిచింది, న్యూ సెయింట్స్ ఆడింది చిన్న లీగ్‌లో. అయినా నాలుగు నెలలకు పైగా ఏ మ్యాచ్‌లోనూ కాలు జారకపోవడం ఏ స్థాయిలోనైనా అరుదే.

యూరప్‌లో మొదటి పెద్ద విజయం 2010లో వచ్చింది. డబ్లిన్ జట్టు బొహీమియన్స్ తమ ఊళ్లో 1-0తో గెలిచింది. పార్క్‌హాల్‌లో న్యూ సెయింట్స్ 4-0తో తిప్పికొట్టి రౌండు దాటింది. తర్వాత బెల్జియం జట్టు ఆండర్‌లెక్ట్ చేతిలో ఓడింది. 2018లో ఉత్తర మాసిడోనియా జట్టు ష్కెండియా చేతిలో 5-0తో ఓడి, రెండో మ్యాచ్‌లో 4-0తో గెలిచింది. ఒక్క గోల్ దూరంలో ఆగిపోయింది.

2024: కాన్ఫరెన్స్ లీగ్

యుయెఫా 2021లో కాన్ఫరెన్స్ లీగ్ అనే మూడో శ్రేణి పోటీ తెచ్చింది. చిన్న దేశాల క్లబ్బులకు శరదృతువులో కూడా యూరప్ మ్యాచ్‌లు దొరకాలన్నది దాని ఉద్దేశం. మామూలుగా వేల్స్ జట్ల యూరప్ యాత్ర జూలైలో మొదలై ఆగస్టులోపే ముగిసేది. దేశీయ లీగ్ ఛాంపియన్‌కు ఈ కొత్త పద్ధతిలో ఒక వెసులుబాటు ఉంది. ఛాంపియన్స్ లీగ్ అర్హత రెండో రౌండులో ఓడితే యూరోపా లీగ్ అర్హతకు, అక్కడా ఓడితే కాన్ఫరెన్స్ లీగ్ చివరి మెట్టుకు జారుతుంది.

2023-24లో వేల్స్ లీగ్‌ను ఒక్క ఓటమి కూడా లేకుండా గెలిచిన న్యూ సెయింట్స్ 2024 వేసవిలో ఈ మెట్లన్నీ చూసింది. మాంటెనెగ్రో జట్టు డెచిచ్‌ను ఓడించింది. హంగరీ జట్టు ఫెరెంత్స్‌వారోష్ చేతిలో, తర్వాత మాల్దోవా జట్టు పెట్రోకుబ్ చేతిలో ఓడింది. చివరి మెట్టులో లిథువేనియా జట్టు పానెవెజిస్‌ను దాటింది. 36 జట్ల ప్రధాన దశకు చేరిన మొట్టమొదటి వేల్స్ లీగ్ క్లబ్‌గా నిలిచింది.

ఆ దశలో ఒక్కో జట్టుకు 6 మ్యాచ్‌లు. పార్క్‌హాల్ ఆ స్థాయికి చాలదు కాబట్టి సొంత మ్యాచ్‌లను ష్రూస్‌బరీ టౌన్ మైదానంలో ఆడారు. అది కూడా ఇంగ్లాండ్‌లోనే. అక్టోబర్‌లో ఫ్లోరెన్స్ వెళ్లి ఫియొరెంటీనా చేతిలో 2-0తో ఓడారు. అదే నెలలో ష్రూస్‌బరీలో కజకిస్థాన్ జట్టు అస్తానాను 2-0తో ఓడించారు. మిగతా మ్యాచ్‌లలో గెలుపు దక్కకపోవడంతో ప్రయాణం అక్కడితో ముగిసింది.

ఆట లెక్క అలా ఉంటే, డబ్బు లెక్క వేరు. ప్రధాన దశకు చేరినందుకే ఒక్కో క్లబ్‌కు యుయెఫా 31.7 లక్షల యూరోలు ఇస్తుంది. గెలిచిన ప్రతి మ్యాచ్‌కు మరో 4 లక్షలు. లీగ్ మ్యాచ్‌లకు కొన్ని వందల మంది మాత్రమే వచ్చే దేశంలో టికెట్ల మీద ఇంత సొమ్ము ఎన్నేళ్లకూ రాదు. విమర్శ పుట్టేది కూడా ఇక్కడే. యూరప్ డబ్బు అందుకున్న జట్టు మంచి ఆటగాళ్లను తెచ్చుకుంటుంది. వాళ్లతో మళ్లీ లీగ్ గెలిచి మళ్లీ యూరప్‌కు వెళ్తుంది. మిగతా జట్లకూ దానికీ దూరం ఏటేటా పెరుగుతుంది. క్లబ్‌ను సమర్థించేవారి మాట వేరు. యూరప్‌లో ఒక వేల్స్ జట్టు పాయింట్లు తెస్తే దేశం ర్యాంకు మెరుగై, ఇతర క్లబ్బులకూ మేలైన అవకాశాలు వస్తాయంటారు. రెండు వాదనల్లోనూ నిజం ఉంది. ఇది వేల్స్‌కే పరిమితమైన సమస్య కాదు. చిన్న దేశాల లీగ్‌లు చాలావాటిలో యూరప్ సొమ్ము చేరిన ఒకటి రెండు క్లబ్బులే ఏళ్ల తరబడి గెలుస్తున్నాయి.

ఊళ్లో మిగిలిన ఆట

2007లో పెద్ద జట్టు ఆస్వెస్ట్రీకి తరలిపోగానే లాన్‌సాంట్‌ఫ్రైడ్‌లో ఆట ఆగిపోలేదు. అదే ఏడాది ఊరివాళ్లు ‘లాన్‌సాంట్‌ఫ్రైడ్ విలేజ్’ పేరుతో కొత్త క్లబ్ పెట్టుకున్నారు. 1959 నాటి జట్టులాగే అది కూడా అమెచ్యూర్ జట్టు. స్థానిక లీగ్‌లలో చుట్టుపక్కల ఊళ్లతో ఆడుతుంది. దానికి యూరప్ లేదు, జీతాలు లేవు. పేరులో మాత్రం ఊరు ఉంది.

దీంతో ఒక పల్లె చరిత్ర రెండు పాయలుగా చీలింది. 1996 వెల్ష్ కప్పు, యూరప్‌లో తొలి మ్యాచ్ వంటి రికార్డులన్నీ చట్టప్రకారం ది న్యూ సెయింట్స్‌వి. ఆ కప్పు గెలిచిన ఊరికి ప్రాతినిధ్యం వహించేది విలేజ్ జట్టు. ఒక క్లబ్ అంటే దాని రిజిస్ట్రేషన్, యాజమాన్యం, లీగ్ సభ్యత్వమా, లేక అది పుట్టిన ఊరా అన్న ప్రశ్న యూరప్ ఫుట్‌బాల్‌లో తరచూ వస్తుంది. 2003లో లండన్ క్లబ్ వింబుల్డన్‌ను మిల్టన్ కీన్స్‌కు తరలించారు. అభిమానులు అంతకు ఏడాది ముందే సొంత క్లబ్ పెట్టుకుని గట్టిగా ఎదిరించారు. లాన్‌సాంట్‌ఫ్రైడ్‌లో అంత రగడ జరగలేదు. తరలింపు 14 కిలోమీటర్లు మాత్రమే కావడం, ఊళ్లో ఆటకు మైదానం మిగలడం, ఆస్వెస్ట్రీతో పాత సంబంధం ఉండటం అందుకు కారణాలనుకోవచ్చు.

1959లో పక్క ఊళ్లతో ఆడటానికి పుట్టిన జట్టు 65 ఏళ్లలో ఫ్లోరెన్స్ వరకూ వెళ్లగలిగింది. ఆ మధ్యలో పేరు మూడుసార్లు మారింది, మైదానం దేశం దాటింది, ఆటగాళ్లు ఉద్యోగులయ్యారు. ఏ మార్పూ ఊరు అడిగి జరిగింది కాదు. పై శ్రేణిలో నిలవాలంటే ఎక్కువ డబ్బు, పెద్ద మైదానం, పూర్తికాల ఆటగాళ్లు కావాలి. వెయ్యి మంది ఉన్న పల్లె ఆ మూడూ ఇవ్వలేదు. అందుకే గెలుపులు క్లబ్‌తో పాటు ఆస్వెస్ట్రీకి వెళ్లాయి, శనివారం ఆట లాన్‌సాంట్‌ఫ్రైడ్‌కు మిగిలింది.